సుమో1 కొనేముందు తోక చూడండి

రెండేళ్లుగా మా ల్యాబ్‌లో సుమో1 వాడుతున్నాను. కణంలో ఇతర ప్రోటీన్లకు వెళ్లి అంటుకునే చిన్న ప్రోటీన్ ఇది. మనిషి ప్రోటీనే, ఈ-కోలై బ్యాక్టీరియాలో చేసింది, శుద్ధి చేయడానికి వీలుగా ముందువైపు హిస్ ట్యాగ్ (హిస్టిడిన్ల వరుస) ఉంది. సుమో ఏం చేస్తుందో ఇది కొనేవాళ్లకు తెలుసు కాబట్టి అంతకంటే లోతుకు వెళ్లను. ఆర్డర్ పెట్టేముందు ఆ ప్రోటీన్ చివర ఎక్కడ ఆగిందో చూసుకోండి. చెప్పాలనుకున్నది అదే.

మొదటిసారి నేను కొన్నది 1–101, అంటే 1 నుంచి 101 వరకు అమైనో ఆమ్లాలన్నీ ఉన్నది. ‘ఫుల్ లెంగ్త్’ అని రాసి ఉంటే మంచిదే కదా అనుకున్నాను. జెల్‌లో శుభ్రంగా ఒకటే బ్యాండ్ వచ్చింది. లెక్క ప్రకారం ట్యాగ్ కాకుండా సుమారు 11.5 కిలోడాల్టన్లే అయినా సుమో1 ఎప్పుడూ ఇంకా పైనే కనిపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఆ రోజు చాలా సంతోషించాను.

తర్వాత రాన్‌గ్యాప్1 ముక్క, సుమోను అంటించే ఎంజైములు ఈ1, యూబీసీ9, శక్తినిచ్చే ఏటీపీ కలిపి 37 డిగ్రీల్లో గంట పెట్టాను. ఏమీ జరగలేదు. రాన్‌గ్యాప్1 అంటే 1996లో సుమో అంటుకోవడం మొట్టమొదట బయటపడిన ప్రోటీన్. అంటుకోవడానికి తోడ్పడే ఈ3 అనే ఇంకో ఎంజైము లేకుండానే దీనికి సుమో చక్కగా అంటుకుంటుంది. అదే రాకపోతే ఇంకేం వస్తుంది? ఏటీపీ మార్చాను, మెగ్నీషియం కొత్తగా కలిపాను, యూబీసీ9 మళ్లీ చేశాను, ఖరీదైన ఈ1 ఇంకొకటి తెప్పించాను. మూడు వారాలు పోయాయి. ప్రతి మీటింగ్‌లో గైడ్ అడుగుతుంటే ఒకటే టెన్షన్.

చివరికి పక్క ల్యాబ్ సీనియర్ అక్క ప్రోటీన్‌తో వచ్చిన షీట్ తీసి చూసింది. “తోక ఇంకా అలాగే ఉంది కదే” అంది.

97వ చోట ఉన్న గ్లైసిన్ తర్వాత హిస్టిడిన్, సెరిన్, త్రియోనిన్, వాలిన్ అని నాలుగు అమైనో ఆమ్లాలు ఉంటాయి. తోక అంటే అదే. కణంలో అయితే సెన్‌ప్ ఎంజైములు వాటిని కత్తిరిస్తాయి, అప్పుడే గ్లైసిన్ కొస బయటపడుతుంది. ఈ1కు కావలసింది ఆ కొసే. నా ట్యూబ్‌లో కత్తిరించేవాళ్లెవరు? షీట్‌లో సన్నటి అక్షరాల్లో సీక్వెన్స్ ఉంది తప్ప ‘కంజుగేషన్‌కు (వేరే ప్రోటీన్‌కు అంటించడానికి) పనికిరాదు’ అన్న ఒక్క ముక్క లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ ట్యూబ్‌ను పారేయలేదు. అక్క దగ్గర, గ్లూటాథయోన్‌కు అతుక్కునే జీఎస్‌టీ ట్యాగ్ ఉన్న సెన్‌ప్1 తీసుకుని తోక కోయించాను. తర్వాత గ్లూటాథయోన్ బీడ్స్‌తో సెన్‌ప్1ను పూర్తిగా తీసేశాను. అది మిగిలిపోతే రాన్‌గ్యాప్1కు అంటుకున్న సుమోను కూడా కోసేస్తుంది. ఈసారి అరగంటకే సుమో అంటుకుని రాన్‌గ్యాప్1 బ్యాండ్ పైకి లేచింది. ఆ జెల్ ఫొటో ఇప్పటికీ నా బెంచ్ మీద అంటించి ఉంది.

అప్పటి నుంచి 1–97నే కొంటున్నాను. మైనస్ 80లో ఎన్ని నెలలున్నా ఒకేలా పనిచేస్తోంది. అంటే, చిన్న చిన్న అలిక్వాట్లుగా (విడివిడి ట్యూబుల్లో పంచి) పెట్టినవి. తొందరలో ఐదారుసార్లు కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ఒక ట్యూబ్ మాత్రం బాగా నీరసించింది. ఒకటే బ్యాండ్ అని పైన మెచ్చుకున్నది కూడా సిస్టీన్ల మధ్య బంధాలు విడగొట్టే డీటీటీ వేసిన జెల్ గురించే. డీటీటీ లేకపోతే 52వ చోట ఉన్న సిస్టీన్ వల్ల రెండేసి జతకట్టి పైన ఇంకో బ్యాండ్ కనిపించవచ్చు. దాన్ని థయోఎస్టర్ (ఈ1, యూబీసీ9లతో సుమోకు ఏర్పడే తాత్కాలిక బంధం) అనుకోకండి. 280 నానోమీటర్ల కాంతితో గాఢత కొలిచేటప్పుడూ జాగ్రత్త. ఇందులో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్లు మూడే. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామ్ ఉన్నా రీడింగ్ 0.4 దగ్గరే ఆగుతుంది. తక్కువ పంపారని కంపెనీకి రాయబోయి, లెక్క వేసుకున్నాక ఆగాను.

నాది పూర్తిగా ట్యూబ్‌లో జరిగే పని, అదీ ఎక్కువగా రాన్‌గ్యాప్1తోనే. మీరు సెన్‌ప్ చర్యనే కొలుస్తుంటే మీకు కావలసింది ఆ తోక ఉన్న 1–101నే. సుమోకు సుమో అంటుకునే గొలుసులు చూడాలంటే 11వ చోట లైసిన్ ఉన్న సుమో2 వైపు వెళ్లాలి, దాన్ని నేను వాడలేదు. సొంతంగా ప్రోటీన్ తయారుచేసుకునే వసతి ఉన్న ల్యాబ్‌కు అసలు కొనే అవసరమే ఉండకపోవచ్చు. మాకు శుద్ధి చేసే కాలమ్ దొరకడమే కష్టం.

వచ్చే నెల ఇండెంట్‌లో మళ్లీ 1–97నే రాశాను. సీక్వెన్స్‌లో చివరి పది అక్షరాలు కొటేషన్‌లోనే రాసివ్వమని అడిగాను.