పులికాట్ వైపు వెళ్తే గైడు ఎవరో ముందు చూసుకోండి

తిరుపతికి వచ్చిన చుట్టాలు కొండ దిగాక "ఇంకేం చూడొచ్చు?" అని అడిగితే కాళహస్తి, కాణిపాకం, తలకోన అని వరసగా అప్పజెప్పేస్తాం. పులికాట్ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. 2022లో ఆ ప్రాంతం మన తిరుపతి జిల్లాలోకి వచ్చినా, మన లెక్కలో అది ఇంకా నెల్లూరే.

ఈ చలికాలం మా బావ వాళ్ళు హైదరాబాద్ నుంచి దిగితే, ఊళ్ళోనే ఒక ట్రావెల్స్‌లో ప్యాకేజీ మాట్లాడాను. కారు, గైడు, ఒక రాత్రి బస. వాళ్ళిచ్చిన కాగితంలో పక్షులు, సరస్సు, గిరిజన సంస్కృతి అని రాసుంది. మొదటి రెంటికీ వంక పెట్టను. మూడోదాని గురించే చెప్పాలి.

ముందు నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే ఎంతో దూరం లేదు. 1976 నుంచి పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్ళలోనే నిలబడి పెరిగిన కడప చెట్లు, వాటి మీద కొమ్మ కనబడనీయకుండా గూడబాతులు. వాసన గట్టిగానే ఉంటుంది, కాసేపటికి ముక్కు అలవాటుపడుతుంది. వాచ్ టవర్ ఎక్కి బైనాక్యులర్స్ పెడితే గూడు లోపలి దాకా చూడొచ్చు. ఒక పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడ దాకా దూరిపోయి చేపలు లాక్కుంటోంది. మా బావ కూతురు "నాన్నా, అమ్మ పిల్లని మింగేస్తోంది" అని ఏడుపందుకుంది. తల బయటికొచ్చాక గానీ ఊరుకోలేదు. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలాలకు పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని ఇక్కడి రైతుల నమ్మకం, అందుకే పక్షి జోలికి ఎవర్నీ పోనివ్వరు. ఈ ఒక్కచోటు కోసమైనా తిరుపతి నుంచి రావచ్చు.

తర్వాత షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి వెళ్ళే రోడ్డు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డది. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. అటకానితిప్ప దగ్గర దిగితే రెండు పక్కలా నీళ్ళే. రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, దూరంగా గులాబీ గీతలా నిలబడి ఉంటాయి. కాలితో బురద కెలికి, ముక్కు తలకిందులుగా ముంచి, నీళ్ళు వడగట్టి తింటాయి. ఆ రంగు కూడా తిండి నుంచి వచ్చేదే. మా గైడు మాత్రం ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని మైకు పట్టుకున్నట్టు చెప్పాడు. నిజానికి మన దేశంలో ఇవి ముఖ్యంగా గూళ్ళు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పాపం, బట్టీ పట్టిన కుర్రాడు, అంతకు మించి అడిగితే ఫోను తీసేవాడు.

ఇక గిరిజన సంస్కృతి. కారు తీసుకెళ్ళి ఒక యానాది కాలనీ ముందు ఆపారు. నలుగురు ఆడవాళ్ళని, పిల్లల్ని పిలిచి వరసలో నిలబెట్టి "ఫోటోలు తీసుకోండి సార్" అన్నాడు గైడు. మా అక్క కారు దిగనే లేదు. "వాళ్ళేమన్నా జూలో ఉన్నారా? పద, పోదాం" అంది. సరైన మాటే. దానికి ప్యాకేజీలో విడిగా డబ్బు కట్టించుకున్నారు మరి.

మర్నాడు ఆ గైడుని వద్దని, తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ మాట్లాడుకున్నాం. పడవాయన తనకు తెలిసిన యానాది కుర్రాణ్ణి పిలిపించాడు. డిగ్రీ చదివాడు, పక్షుల సీజన్‌లో ఇలా వస్తుంటాడట. "అన్నా, నీళ్ళు తక్కువున్నాయి, మోటారు కడితే పక్షి లేస్తుంది" అని గెడతోనే తోయించాడు. నీటి రంగు చూసి ఎక్కడ లోతో, ఎక్కడ బురదో చెప్పేస్తున్నాడు. తీరాన ఒక ముసలమ్మ మోకాలి లోతు నీళ్ళలో వంగి, బురదలో రెండు చేతులూ ఆడిస్తూ రొయ్యలు పట్టి బుట్టలో వేస్తోంది. వలా లేదు, పడవా లేదు. "ఎన్ని పడతాయవ్వా?" అంటే, "పొద్దుగూకేలోగా కూరకి, అమ్మకానికి వస్తాయిలే అబ్బయ్యా" అంది తల ఎత్తకుండానే.

ఒడ్డుకొచ్చాక ఆ కుర్రాడు తన మేనమామ పొలంగట్టు మీద ఎలుకలు పడుతుంటే చూపించాడు. మట్టికుండలో గడ్డి కుక్కి నిప్పంటించి, మూతి బొరియకు ఆనించి, అడుగునున్న చిల్లులోంచి నోటితో ఊదుతాడు. పొగ లోపలికి పోతుంది. మిగతా కన్నాలు ముందే మూసేసి ఉంటాడు. ఎలుకలతో పాటు అవి దాచుకున్న వడ్లు కూడా తవ్వి తీసుకుంటారు. రైతుకు పంట దక్కుతుంది, వీళ్ళకు కూలి వస్తుంది.

ఆ కుర్రాడి తాతలది శ్రీహరికోట. తేనె, దుంపలు, వంటచెరకు, అన్నీ ఆ దీవి అడవిలోనివే. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నాక బయటికి వచ్చేశారు. 1971లో అక్కడ తొలి రాకెట్ లేచింది. ఇది చెప్పేటప్పుడు అతనిలో కోపం కనబడలేదు. "మా తాతకి ఆ అడవిలో ప్రతి చెట్టూ తెలుసన్నా" అన్నాడంతే. ఆంధ్రలో గిరిజనుల్లో ఎక్కువ మంది యానాదులే. వాళ్ళ ఇలాకాలో తిరిగే టూరు కార్లలో గైడు సీట్లో వాళ్ళెందుకు ఉండరో ట్రావెల్స్ వాళ్ళే చెప్పాలి. ఈ కుర్రాడికి మేమిచ్చింది ప్యాకేజీలో గైడు పేరిట వేసిన దాంట్లో సగం కూడా లేదు. అడిగిన దానికంటే కాస్త ఎక్కువే ఇచ్చినా అంతే తేలింది.

బస సూళ్లూరుపేట లాడ్జిలో. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు మాత్రం బకెట్ లెక్కన. రాకెట్ ప్రయోగం ఉంటే గది దొరకదు, ముందే ఫోన్ చేసుకోవాలి. మెస్సుల్లో చేపల పులుసు నెల్లూరు పద్ధతిలో పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటితే అయిపోతుంది. చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరు కాబట్టి ఎంత ఆలస్యమైనా దర్శనం దొరుకుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత 2025 జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ మళ్ళీ జరిగింది. పిల్లలకు తిరునాళ్ళ సరదా కావాలంటే ఆ రోజుల్లో రండి. పక్షుల కోసమైతే నవంబరు, ఫిబ్రవరి మధ్య మామూలు రోజు చూసుకుని, తెల్లవారుజామునే తిరుపతిలో బయల్దేరండి. ఎండాకాలంలో ఉత్తరం వైపు సరస్సు చాలా మేర ఎండిపోతుంది, అప్పుడు పడవ మాట ఎత్తక్కర్లేదు.