అనంతపురం ఎండలో ఐరిష్ హర్లీ: 35 అంగుళాల ఆష్ కర్ర, తోలు బంతి

ఐర్లండు వాళ్ల హర్లింగ్ ఆటలో బంతిని కొట్టే కర్రే హర్లీ. ఇక్కడ చూస్తున్నది కర్ర, బంతి కలిసిన సెట్టు. హర్లీ చేతికి రాగానే వెడల్పుగా ఉండే అడుగు భాగాన్ని వెలుతురులో తిప్పి చూడాలి. దాన్ని బాస్ అంటారు. ఆష్ చెట్టు మొదలు వేరులోకి వంగే చోట కోసిన కట్టె ఇది. పిడి నుంచి దిగిన చారలు బాస్ దగ్గర వంపు తిరిగి కొన దాకా పోవాలి. నేరుగా దిగి అంచులో తెగిపోతే ఆ కర్ర వెనక్కి పంపేయండి, గట్టి దెబ్బకి అక్కడే చీలుతుంది. ఈ కర్రలో చారలు చక్కగా తిరిగాయి, పనితనం మెచ్చుకోదగ్గది.

కొలత సులువు. కర్రను కాలి పక్కన నిలబెడితే పిడి కొన తుంటి ఎముక దగ్గరికి రావాలి. హాకీ స్టిక్కుకి ఒకవైపే చదును. దీనికి రెండు వైపులా ఉంటుంది, ఎటైనా కొట్టొచ్చు.

చిక్కంతా మన ఎండతోనే. తేమ దేశపు కట్టె ఇక్కడి ఏప్రిల్, మే నెలల్లో ఎండి కుంచించుకుపోతుంది. బాస్ చుట్టూ కొట్టిన రేకు పట్టీ వదులై మేకు తలలు పైకి లేస్తాయి. ఆటకు ముందు ప్రతిసారీ వేలితో తడిమి చూడండి, లేచిన మేకు ఎదుటివాడి చెయ్యి చీరేస్తుంది. రేకు లేని చోట అవిసె నూనె పల్చగా రుద్ది, గంటలోపు తుడిచేసి, నీడలో ఆరనివ్వాలి. ఇంట్లో ఉంది కదా అని శెనక్కాయల నూనె పూయొద్దు, అది గట్టిపడదు, దుమ్ము పట్టి జిడ్డుగా మిగులుతుంది. కర్రను బండి మీద, కారు డిక్కీలో ఎండకు వదిలేయకండి.

విరిగితే? తుమ్మ కట్టెతో వడ్రంగి చేసిస్తాడు గానీ చెయ్యి లాగేంత బరువు. హిందూపురం వైపు మల్బరీ తోటలు బాగానే ఉన్నాయి గానీ, పట్టుపురుగుల ఆకు కోసం పొట్టిగా నరుకుతారు కాబట్టి ఇంత మందం మొదలు దొరకదు.

బంతి పేరు స్లిటర్. 110 నుంచి 116 గ్రాములు, టెన్నిస్ బంతి కంటే కాస్త పెద్దది, బరువు దాదాపు రెండింతలు. మన ఎర్రమట్టి గట్టినేల మీద కుట్టు అంచు తొందరగా అరిగిపోతుంది. సాధనకు రబ్బరు బంతి వేరే ఉంచుకోండి.

1900ల నాటి ఐర్లండు కౌంటీ (జిల్లా) క్లబ్ పోటీల పద్ధతిలో ఆడదామనుకునేవాళ్లకి ఒక మాట. అప్పట్లో జట్టుకి 17 మంది, 15కి తగ్గింది 1913లో. 1910 దాకా గోలుకి రెండు పక్కలా, గోలు కాకపోయినా పాయింటు ఇచ్చే పాయింటు కంబాలు విడిగా ఉండేవి. గోలుకి 3 పాయింట్లు. బంతిని ఎత్తకుండా నేల మీదే బాదడం ఎక్కువ, కర్రలకి బాస్ సన్నం. ఇప్పటి వెడల్పు బాస్ గాల్లో ఆటకి బాగుంటుంది, నేల దెబ్బకి మట్టిలో తగులుకుంటుంది. ఆ ఆటకైతే సన్న బాస్ కర్రే అడగండి.

సెట్టులో హెల్మెట్ రాదు. ఐర్లండులో 2010 నుంచి అందరికీ తప్పనిసరి. క్రికెట్ హెల్మెట్‌తో సరిపెట్టొద్దు: బంతి ఆగినా, గ్రిల్లు సందులోంచి కర్ర కొన లోపలికొస్తుంది.