నాలుగేళ్లు, లెక్కలేనన్ని డబ్బాలు: మా పాప ఎగ్జిమాకి పెట్రోలియం జెల్లీ

పాపకి ఐదో నెలలో మొదలుపెట్టాం, ఇప్పుడు నాలుగున్నరేళ్లు. వాసన, రంగు ఏమీ లేని మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ. డబ్బా వెనకాల పదార్థాల జాబితాలో ఒక్కటే పేరుంటుంది, నాకు నచ్చింది కూడా అదే.

ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టే జబ్బు. దాన్ని చాలామంది తామర అనేస్తారు. తామర ఫంగస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. ఇది అంటుకోదు. పార్కులో ఒకావిడ వాళ్ల బాబుని చటుక్కున పక్కకి లాక్కున్న రోజు ఇదంతా చెప్పే ఓపిక నాకు లేదు.

మొదటి రెండు నెలలూ నేను వాడిన తీరే తప్పు. ఎర్రబడ్డ చోట మాత్రం కాస్త పూసి వదిలేసేదాన్ని. "నెలకి ఎంత అవుతోందమ్మా?" అని డాక్టర్ గారు అడిగితే వంద గ్రాములని గర్వంగా చెప్పాను. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకి వారానికే 250 గ్రాములు పడుతుందన్నారు. పైగా ఈ జెల్లీ తేమనివ్వదు, ఉన్న తేమని పోనివ్వదు, అంతే. పొడి ఒంటికి రాస్తే మిగిలేది జిడ్డే. అప్పట్నుంచి గోరువెచ్చని నీళ్లతో స్నానం, తువ్వాలుతో రుద్దకుండా అద్దడం, ఆ తడి ఆరకముందే పైనుంచి కిందికి రాయడం. ఎదురు రుద్దితే వెంట్రుకల కుదుళ్ల దగ్గర చిన్న చిన్న కురుపులు లేచాయి. డబ్బాలో వేళ్లు పెట్టం, స్పూన్‌తోనే తీస్తాం.

అప్పటి రాత్రుళ్లు గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. రెండింటికి చీకట్లో బరబరమని గోళ్ల చప్పుడు. లైటు వేస్తే మోకాలి వెనక మడతలో వేళ్లు, మూసిన కళ్లు, నిద్రలోనే గీరుకుంటూ ఉండేది. పొద్దున్న దుప్పటి మీద సన్నని రక్తపు గీతలు. రాయడం సరిగ్గా మొదలెట్టాక మూడు వారాలకి ఆ చప్పుడు తగ్గింది, పోలేదు.

ఎందుకు పోలేదంటే, వాపుని తగ్గించే పని జెల్లీది కాదు. డాక్టర్ గారు రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్‌కి భయపడి దాన్ని కనీకనబడకుండా పూసేదాన్ని. నయమవ్వాల్సింది వారాలకొద్దీ సాగింది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా పిండితే అర గ్రాము, అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత (వేళ్లతో కలిపి) మేరకి సరిపోతుంది. ఈ కొలత తెలిశాక చెప్పినన్ని రోజులే వాడి ఆపగలిగాం.

తిండి విషయంలో ఇంకా పెద్ద పొరపాటు చేశాను. ఏది తినడం వల్ల వస్తోందో కనిపెడితే ఎగ్జిమా పోతుందనుకున్నాను. రక్తపరీక్షలో పాలు, గుడ్డు రెండూ పాజిటివ్ వస్తే రెండూ మాన్పించేశాను. ఒంటి మీద మార్పేమీ లేదు, బరువు మాత్రం పెరగడం ఆగింది. పాజిటివ్ అంటే ఒంట్లో ఆ తిండిని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉన్నాయని, తింటే పడదని ఖాయం కాదు. చివరికి ఆసుపత్రిలో డాక్టర్ల ఎదుట కొద్దికొద్దిగా పాలు తాగించి చూశారు. గ్లాసంతా తాగి ఆడుకుంది! గుడ్డు మాత్రం నిజంగానే పడదు. ఒకసారి చెంచాడు తిన్న పది నిమిషాలకి మూతి చుట్టూ దద్దుర్లు లేచి, పెదవి ఉబ్బింది. అందుకే ఎక్కడికెళ్లినా సంచిలో, అలర్జీ ప్రాణం మీదకొస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటుంది.

అసలు చాలాసార్లు వరస తిరగబడి ఉంటుందట. తిండి వల్ల చర్మం పాడవడం కాదు, పగిలిన చర్మంలోంచి తిండి ప్రోటీన్లు లోపలికి పోయి అలర్జీ మొదలవ్వచ్చు. చుట్టాలొకరు ప్రేమగా తెచ్చిన బాదం నూనె సీసాని డాక్టర్ గారు అందుకే పక్కన పెట్టించారు.

జెల్లీ మీద ఫిర్యాదులున్నాయి. దుప్పట్లకి, సోఫాకి మరకలు, ఉతికినా పోవు. జెల్లీ పట్టిన బట్టకి నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది, కాబట్టి పాపని పొయ్యి దగ్గరికి రానివ్వం. ఎండల్లో చెమట పట్టి ఇంకా దురద, అప్పుడు పగటిపూట పల్చటి క్రీమ్‌కి మారతాం. పుండు తడిగా కారుతుంటేనో, జ్వరంతో పాటు నొప్పిగా ఉండే పొక్కులొస్తేనో దీన్ని నమ్ముకుని కూర్చోకండి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఐదుకి నాలుగు. అర కిలో డబ్బా ఒకప్పుడు రెండు వారాలకే అయిపోయేది. మొన్న తెచ్చింది ఆరు వారాలైనా ఇంకా సగం ఉంది.