అలిపిరి మెట్లు దిగిన కాళ్ళకు మసాజ్ గన్: నాలుగు నెలల వాడకం

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లెక్కి తిరుమల చేరినప్పుడు నాకు ఆయాసం తప్ప మరే ఇబ్బందీ కలగలేదు. దర్శనమైన మర్నాడు సరదాపడి అలిపిరి దారిన 3,550 మెట్లూ దిగాను. ఇంటికి చేరిన రెండో రోజు పొద్దున కుర్చీలో కూర్చోవాలంటే రెండు చేతులతో బల్ల పట్టుకోవలసి వచ్చింది. పిక్కలు బిగుసుకుపోయాయి, తొడల ముందు భాగం చెయ్యి ఆనిస్తేనే సలిపింది. ఆ అవస్థలో 2,800 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించిన మసాజ్ గన్‌ను, అంటే కండరాల మీద టకటకా కొడుతూ మర్దనా చేసే చేతి యంత్రాన్ని, నాలుగు నెలలుగా వాడుతున్నాను. అచ్చంగా ఇలాంటి యంత్రాలే అరడజను పేర్లతో అమ్ముతున్నారు కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

ముందుగా పెట్టె మీది మాట సంగతి. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని ఇది తొలగిస్తుందని పెద్ద అక్షరాలతో ముద్రించారు. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో ఆ ఆమ్లం మోతాదు దానంతటదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. మెట్టు దిగే ప్రతిసారీ ఒంటి బరువు ఒక్కసారిగా కిందికి జారకుండా తొడ కండరం సాగుతూనే బిగిసి ఆపుతుంది. అలా సాగుతూ బరువు మోయడం వల్ల కండరపు పోగుల్లో సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, వాపు వచ్చి, నొప్పి సుమారు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఎక్కేవాళ్ళంతా అలిపిరి దారిలో నిటారుగా ఉండే మోకాళ్ళ మిట్టను తలచుకుని భయపడతారు గాని, నన్ను పడగొట్టింది దిగుడే.

యంత్రం బరువు కిలోకు కాస్త తక్కువ. ఆరు వేగాలు, ఒంటికి ఆనే చోట మార్చి తగిలించుకునే నాలుగు తలలు ఉన్నాయి. బంతి ఆకారపు మెత్తని తల ఒక్కటే నాకు పనికొచ్చింది. సన్నని మొన ఉన్నదాన్ని పిక్క మీద పెడితే మేకు దిగినట్టుండి వెంటనే తీసేశాను. నొప్పి ఉన్న రోజుల్లో రెండో వేగం దాటనక్కర్లేదు. తొడ మీద మోకాలి పైనుంచి తుంటి వైపు నెమ్మదిగా, ఒక్కో కండరానికి రెండేసి నిమిషాలు జరుపుకుంటూ పోతే, మొదటి అర నిమిషం చురుక్కుమన్నా తర్వాత బిగువు సడలినట్టు హాయిగా ఉంటుంది. అలా చేశాక మెట్లు దిగడానికి గోడ ఆసరా అవసరం పడలేదు. అయితే ఆ హాయి గంటకు మించి నిలవలేదు. నొప్పి పూర్తిగా పోవడానికి ఎప్పటిలాగే అయిదు రోజులు పట్టింది. ఇక లోపాలంటారా, శబ్దమే లేదని ప్రకటించిన ఈ యంత్రం నాలుగో వేగంలో మిక్సీకి కాస్త తక్కువగా మోగుతుంది, పైగా దీంతో ఎవరి వీపు వారు మర్దనా చేసుకోవడం అసాధ్యం.

"ఆ మిషను పక్కన పెట్టి వేడినీళ్ళు పోసుకోరా" అని మా అమ్మ వావిలాకు వేసి కాచిన నీళ్ళు సిద్ధం చేసింది. ఆ ఆకు ఘాటైన వాసనతో ఆవిర్లు కక్కే నీళ్ళు చెంబుతో తొడల మీద పోసుకుంటే కలిగిన ఉపశమనం యంత్రం ఇచ్చినదానికి ఏ మాత్రం తీసిపోలేదని నిజాయితీగా చెప్పాలి. ఇందులో ఆకు మహిమ ఎంతో, వేడి మహిమ ఎంతో నేను తేల్చలేను. ఖర్చు మాత్రం గ్యాసుకైనదే.

కొనదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఎముకల మీద, మెడ ముందు భాగంలో, కమిలిన చోట, ఉబ్బిన సిరల మీద దీన్ని ఆనించకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు. కఠిన వ్యాయామం తర్వాత మూత్రం కోలా రంగులోకి మారినా, ఒక్క కాలే వాచినా మర్దనాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

వారానికి నాలుగైదు రోజులు పరుగో బరువులో చేసేవారికి ఈ ధర దండగ కాదు. ఏడాదికొకసారి కొండ ఎక్కేవారికి మాత్రం నేను సిఫారసు చేయను. ఒకసారి ఈ నొప్పి అనుభవించిన కండరాలు, అదే పని కొన్ని వారాల్లోపు మళ్ళీ చేస్తే చాలా తక్కువగా నొస్తాయి. కాబట్టి ముందుగా కొద్దికొద్దిగా అలవాటు చేయడమే చవకైన మార్గం. వచ్చే నెల మళ్ళీ తిరుమల ప్రయాణం ఉంది. అందుకని వారానికి రెండుసార్లు మా అపార్ట్‌మెంటు అయిదంతస్తుల మెట్లూ నడిచి దిగుతున్నాను, పైకి మాత్రం లిఫ్టులోనే వెళ్తున్నాను.