పాత స్టూడియో ఫొటోల కాపీ: జగదాంబ దగ్గరి చిన్న షాపు

తాతల నాటి ఫొటోలైతే ఈ షాపును నమ్మొచ్చు. విశాఖ తేమకు ఫ్రేములోని ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే ముఖం బొమ్మ ఉన్న జిలాటిన్ పొర (ఫొటో కాగితం మీది పలచటి పూత) అద్దానికే ఉండిపోతుంది. వీళ్లు లాగరు. రెండు పక్కలా 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి, పోలరైజర్ (అద్దం మెరుపును తగ్గించే ఫిల్టర్) వేసి, అద్దం మీంచే కెమెరాతో ఫొటో తీస్తారు. విడి ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) స్కాన్ అడగండి, చిన్నవాటికి 1200. అడక్కపోతే 300తో సరిపెట్టేస్తారు!

పేరున్న పాతతరం ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలపు ఫొటోలు చాలావరకు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదివి, పసుపెక్కడం మామూలే. అవైనా కలర్‌లోనే స్కాన్ చేయించండి. వెలిసిన చోట్లు చాలాసార్లు బ్లూ ఛానల్‌లో (కలర్ స్కాన్‌లోని నీలం రంగు భాగాన్ని విడిగా చూస్తే) తేలతాయి.

పేచీ అంతా రీటచింగ్‌తోనే. ముఖం నున్నగా చేసేసి, మరకతోపాటు ముక్కుపుడకనూ చెరిపేస్తారు. రీటచ్ చేయని టిఫ్ (TIFF, నాణ్యత తగ్గకుండా దాచే రకం) ఫైలు వేరుగా ఇమ్మని ముందే చెప్పండి.