సియోల్‌లో కషాయం కొనే ముందు

అందులో ఏ మూలికలు వేశారో కూడా చెప్పని కషాయానికి మా అక్క 3,80,000 వోన్లు కట్టింది. మన లెక్కలో 20 వేల రూపాయల పైమాటే. ఆ కోపం ఇంకా తీరలేదు, అందుకే రాస్తున్నాను.

అక్కకు చిన్నప్పటి నుంచీ మోచేతి మడతల్లో ఎగ్జిమా. చలికాలం వస్తే చర్మం పగిలిపోతుంది. అది తెలిసీ జనవరిలో సియోల్ వెళ్లాం. పాతకాలపు హనోక్ ఇంట్లో దిగాం, రాత్రికి 95,000 వోన్లు. నేల కింద నుంచి వెచ్చబెట్టే ఓండోల్ గది అది. ఒళ్లు వెచ్చగానే ఉంటుంది కానీ గదిలో గాలి పొడిబారిపోతుంది. రెండో రాత్రి అక్క గోక్కుంటూనే తెల్లవార్చింది. అది చూసి ఇంటావిడ తడి తువ్వాళ్లు తెచ్చి గదిలో ఆరేసింది. చర్మ బాధ ఉన్నవాళ్లు వేడి తగ్గించమని మొదటి రోజే అడగండి.

రాజభవనాలు, నామ్‌సాన్ కొండ బాగున్నాయి.

ఇక ఆ హనుయివన్. అంటే కొరియా సంప్రదాయ వైద్యశాల. పర్యాటకులు తిరిగే వీధిలోనే ఉంది. నాడి చూసింది రెండే నిమిషాలు. ఒంట్లో వేడి ఎక్కువైందన్నారు. రోజుకు రెండు చొప్పున 30 ప్యాకెట్ల కషాయం కాచి మర్నాడు బసకు పంపారు. మూలికల జాబితా అడిగితే ఇవ్వలేదు. పైగా స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఆ పూటే మానేయమన్నారు. మూడో రోజుకల్లా మడతలు ఎర్రగా వాచి రసి కారింది. డబ్బు వాపసు అడిగితే, మీ కోసమే కాచినది కనుక కుదరదన్నారు. బావగారు ఆ రాత్రి సగం అన్నంలోనే లేచిపోయారు.

మర్నాడు ఒకటో నంబరు మెట్రోలో జేగి-దోంగ్ వెళ్లాం. అక్కడి యాంగ్‌న్యోంగ్‌సీ మూలికల బజారు చూడకుండా రావద్దు. వీధి పొడవునా శొంఠి, దాల్చినచెక్క వాసన. పేళ్లుగా కోసిన అతిమధురాన్ని సంచుల్లో పోసి అమ్ముతున్నారు, వాళ్లు దాన్ని గామ్‌చో అంటారు. మూలికల మ్యూజియానికి టికెట్ 1,000 వోన్లే. రాజవైద్యుడు హో జున్ రాసి 1613లో అచ్చయిన ‘దోంగ్‌యి బోగామ్’ గురించి అక్కడే తెలుసుకున్నాం. 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చిన వైద్య గ్రంథమది.

ఆ వీధిలోనే ఇంకో వైద్యురాలికి చూపించాం, ఫీజు 20,000 వోన్లు. ఇక్కడ హనుయిసా, అంటే సంప్రదాయ వైద్యులు, కావాలంటే ఆరేళ్ల చదువు, ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ చదువు ఈమె దగ్గర కనిపించింది. రెండు చేతుల నాడి, నాలుక చూశారు. నిద్ర, అరుగుదల, వాడుతున్న మాత్రలు, అన్నీ అడిగారు. చివరికి మందు ఇవ్వనన్నారు! కషాయం మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించాలి, వారాల తరబడి కనిపెట్టి చూడాలి, మీరు ఆరు రోజుల్లో వెళ్లిపోతున్నారు అన్నారు. ఆయింట్‌మెంట్ మళ్లీ రాసుకొమ్మని, మానాలంటే మీ చర్మవైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని చెప్పారు. జాబితా లేని కషాయం ఇక ముట్టుకోవద్దన్నారు. ఆ 20,000 వోన్లు నేను సంతోషంగా కట్టాను.

కొరియా వైద్యం చేయించుకోవాలనుకుంటే అక్కడ కొన్ని నెలలు ఉండేవాళ్లే మొదలుపెట్టండి. డబ్బు కట్టక ముందే మూలికల పేర్లు రాయించుకోండి.

మిగిలిన 24 ప్యాకెట్లూ బావగారే ఒక్కొక్కటిగా కత్తిరించి సింకులో పోశారు. ఆయింట్‌మెంట్ మళ్లీ మొదలుపెట్టిన నాలుగో రోజుకు అక్కకు రసి ఆగింది.