మెత్తని మనసు పిల్లలకి ఏ సినిమా మేలు: టొటోరోనా, నీమోనా, మాయాబజారా?

నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకి సినిమా ఎంచేటప్పుడు చాలామంది చూసేవి రెండే: అందరూ చూడొచ్చని సెన్సార్ బోర్డు ఇచ్చే యూ సర్టిఫికెట్ ఉందా, బొమ్మల సినిమాయేనా. బెదురు స్వభావం ఉన్న పిల్లల విషయంలో ఈ రెండూ అక్కరకు రావు. తల్లి చనిపోయే సినిమాకీ యూ వస్తుంది, తండ్రి కొడుకుని హింసించే సినిమాకీ యూ వస్తుంది. 2024 నియమాలతో యూఏని (పెద్దల తోడుతో చూడాల్సిన సినిమాల గుర్తు) 7+, 13+, 16+ అని విడగొట్టడం కొంత నయమే గానీ, ఏడేళ్ల లోపు వాళ్లకి మాత్రం ఇప్పటికీ యూ ఒక్కటే గుర్తు.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది పిల్ల వయసు కాదు, ఆ పిల్ల దేనికి బెదురుతుందన్నది. కొందరు రూపానికి జడుసుకుంటారు: కోరలు, పెద్ద కళ్లు, ఉన్నట్టుండి మారే మొహం. కొందరిని శబ్దం కుదిపేస్తుంది. కొందరికి రాక్షసులు లెక్కే కాదు, అమ్మ కనబడకపోతే మాత్రం సినిమా అక్కడే ముగిసినట్టు. ఇంకో రకం కూడా ఉంది, పెద్దవాళ్లు పెద్దగా గమనించరు: తెర మీద ఎవరినైనా ఆట పట్టిస్తుంటే అందరూ నవ్వుతారు, వీళ్లు ఒక్కరే ఏడుస్తారు.

ముందు మై నైబర్ టొటోరో. హయావో మియాజాకీ 1988లో తీసిన 86 నిమిషాల జపాన్ సినిమా. ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. అక్క సత్సుకి, నాలుగేళ్ల చెల్లి మే, వాళ్ల నాన్న పల్లెలో పాత ఇంటికి మారతారు. అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. వానలో బస్సు కోసం ఎదురుచూసే ఘట్టమే చూడండి. చాలాసేపు ఏమీ జరగదు. చినుకులు, గొడుగు, పక్కన వచ్చి నిలబడ్డ ఓ పెద్ద బొచ్చు జంతువు, అదే టొటోరో. గొడుగు మీద టపటపా పడే చినుకుల చప్పుడుకి దాని కళ్లు మెరుస్తాయి. శబ్దానికి బెదిరే పిల్లలకి ఇంతకన్నా నెమ్మదైన సినిమా దొరకడం కష్టం.

ఇబ్బంది పెట్టే చోట్లు రెండున్నాయి. మొదట్లో పాత ఇంటి చీకటి మూలల నుంచి మసి ముద్దలు గుంపుగా పరుగెత్తుతాయి. అక్కాచెల్లెళ్లు వాటిని చూసి కేకలు పెట్టి నవ్వేస్తారు కాబట్టి ఇది త్వరగానే తేలిపోతుంది. అసలు చిక్కు గంట దాటాక వస్తుంది. ఆసుపత్రి నుంచి టెలిగ్రాం రావడం, అమ్మ ఇంటికి రావడం వాయిదా పడటం, అక్క ఏడవటం, మే ఒక్కతే మొక్కజొన్న పొత్తు పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరి తప్పిపోవడం అన్నీ వరసగా జరుగుతాయి. చెరువులో చిన్న చెప్పు దొరుకుతుంది. పొరుగింటి అవ్వ దాన్ని పట్టుకుని వణికిపోతుంటుంది. సత్సుకి వచ్చి అది మేది కాదనే దాకా పెద్దవాళ్లకే ఊపిరాడదు. విడిపోవడానికి బెదిరే పిల్లలకి ఇక్కడ ముందే కథ చెప్పేయాలి: "చెల్లి తప్పిపోతుంది, పిల్లి బస్సు వెతికి పెడుతుంది, అమ్మ బాగానే ఉంటుంది." చివర పేర్లు పడుతుంటే అమ్మ ఇంటికొచ్చిన బొమ్మలు వస్తాయి, అవి చూపించకుండా టీవీ ఆపొద్దు. కథ ముందే చెబితే మజా పోతుందన్నది పెద్దల బాధ. ఈ వయసు పిల్లలు తెలిసిన కథనే పదిసార్లు అడుగుతారు.

అదే దర్శకుడి పోన్యో (2008) కూడా ఇంతే మెత్తగా ఉంటుందని వెంటనే పెట్టేస్తుంటారు. దాంట్లో తుఫాను, రోడ్డును తరుముకొచ్చే అలలు, అమ్మ ఐదేళ్ల సోసుకేని ఇంట్లో వదిలి వెళ్లడం, తర్వాత ఆమె ఖాళీ కారు కనబడటం ఉన్నాయి. టొటోరో తర్వాత ఒకటి రెండేళ్లు ఆగితే మంచిది.

ఇక నీమో అనే చేప పిల్ల కథ, ఫైండింగ్ నీమో (2003). మొదటి ఐదు నిమిషాల్లోనే బారకూడా చేప దాడి చేస్తుంది, తల్లీ పోతుంది, ఒక్కటి తప్ప గుడ్లన్నీ పోతాయి. "ఆ ముక్క దాటేసి, నీమో బడికెళ్లే రోజు నుంచి పెట్టండి" అన్న సలహా అందరూ ఇస్తారు. పనికొచ్చే సలహానే, కానీ సగమే. కాసేపట్లోనే నీమోని ఈతగాడు పట్టుకుపోతాడు, ఆపైన కథంతా తండ్రీకొడుకుల ఎడబాటే. దాన్ని దాటేయడానికి రిమోట్‌లో మీట ఉండదు. రూపానికి జడిసే వాళ్లకి మరో గండం: లోతు చీకట్లో అందమైన చిన్న దీపం కనబడుతుంది, దగ్గరికెళితే దాని వెనక పళ్ల చేప. నెత్తురు వాసనకి కళ్లు నల్లబడ్డ సొరచేప తరిమే ఘట్టం శబ్దపరంగా కూడా గట్టిదే. ఎడబాటుకి బెదిరే పిల్లకి ఏడు నిండే దాకా దీన్ని పక్కన పెట్టడమే మేలు. శబ్దానికి మాత్రమే బెదిరే పిల్లయితే టీవీ శబ్దం తగ్గించి చూపించొచ్చు.

తెలుగులో దొరుకుతుందని 2019 నాటి ది లయన్ కింగ్ పెట్టేవాళ్లు ఎక్కువ. సింబాకి నాని గొంతు, టిమోన్ పుంబాలకి అలీ, బ్రహ్మానందం, నవ్వులు బాగానే ఉంటాయి. కానీ అచ్చం నిజం సింహాల్లా తీశారు కాబట్టి సింబా తండ్రి ముఫాసా చావు 1994 నాటి గీతల బొమ్మల సినిమాలో కన్నా బరువుగా తగులుతుంది. అర్థమయ్యే భాషలో ఏడుపు కూడా బాగా అర్థమవుతుంది.

మాయాబజార్ (1957) లెక్క వేరు. మూడు గంటల సినిమా, మొత్తం చూపించే ఆలోచనే వద్దు. ఇరవై, ముప్పై నిమిషాల ముక్కలుగా చూపిస్తే నాలుగేళ్ల వాళ్లకి కూడా పండగే. మొదట వివాహ భోజనంబు పాట, తర్వాత గింబళి, గిల్పాలతో శర్మా శాస్త్రుల్ని తిప్పలు పెట్టే ఘట్టం. తెలుగు కాబట్టి పక్కన కూర్చుని చదివి చెప్పే పని లేదు, పాత సినిమా కాబట్టి చెవులు చిల్లులు పడే శబ్దాలూ లేవు. అమ్మ దూరమయ్యే బాధ ఈ ముక్కల్లో ఎక్కడా రాదు. అడవిలో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ జరిగే యుద్ధం మాత్రం రూపానికి జడిసే పిల్లలకి వద్దు. పెళ్లిపీటల మీద లక్ష్మణ కుమారుణ్ణి బెదరగొట్టే చోట ఆట పట్టించడం సహించలేని పిల్లలు వాడి పక్షం వహించి ఏడుస్తారు. "వాడు శశిరేఖని బలవంతంగా చేసుకోబోయాడు కదా" అన్న న్యాయం ఆ వయసులో ఎక్కదు.

పురాణమే కదా అని దాని వెంటనే భక్త ప్రహ్లాద (1967) పెట్టడం మాత్రం పెద్ద పొరపాటు. కన్నతండ్రే చిన్న పిల్లవాణ్ణి ఏనుగులతో, పాములతో చంపించబోవడం, చివర నరసింహుడు. మెత్తని మనసు పిల్లలకి ఇందులో భక్తి కన్నా తండ్రే గుర్తుంటాడు.

మాటలే లేనిది కావాలంటే గొర్రెల మంద కథ షాన్ ద షీప్. సినిమా (2015) కన్నా ఏడు నిమిషాల టీవీ కథలతో మొదలుపెట్టండి. సినిమాలో యజమానికి తలకి దెబ్బ తగిలి గతం మరచిపోతాడు, గొర్రెల్ని ఎవరో గుర్తుపట్టడు. ఎడబాటు పిల్లలకి అది గుచ్చుకుంటుంది.

కాబట్టి ఎడబాటుకి బెదిరేవాళ్లకి ముందు మాయాబజార్ ముక్కలు, షాన్ కథలు, ఆ తర్వాత కథ చెప్పి టొటోరో. రూపానికీ శబ్దానికీ బెదిరేవాళ్లకి నేరుగా టొటోరో. వీళ్లెవరికీ మొదటి సినిమాగా నీమో వద్దు.

చూపించే తీరు కూడా సగం పని చేస్తుంది. సౌండ్‌బార్ తీసేసి టీవీ స్పీకర్‌తోనే, పగటిపూట, లైటు వేసి పెట్టండి. మీరు సినిమా మొత్తం ముందే చూడలేకపోతే చివరి అరగంటైనా చూడండి. సినిమాల వివరాల సైటు ఐఎండీబీలో తల్లిదండ్రుల గైడు, సినిమా ఏ వయసుకి తగునో చెప్పే కామన్ సెన్స్ మీడియా, ఏ సినిమాలో ఎవరు చనిపోతారో చెప్పే డజ్ ద డాగ్ డై సైటు, ఈ మూడింట్లో ఏదో ఒకటి చూసినా చాలు. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగ్స్‌కి వెళ్లి ప్రివ్యూల ఆటోప్లే ఆపేయండి. జాగ్రత్తగా ఎంచిన సినిమా కన్నా, దాన్ని వెతుకుతుంటే వాటంతటవే ఆడే దెయ్యాల ట్రైలర్లతో బెదిరే పిల్లలే ఎక్కువ.

నడుమ బెదిరితే "బొమ్మే కదా, నిజం కాదు" అని నచ్చజెప్పడం ఏడేళ్ల లోపు పిల్లల దగ్గర పెద్దగా పారదు. తెర మీద కనబడిందే వాళ్లకి నిజం. ఆపేసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాలుగు గుక్కలు నీళ్లు తాగించి వేరే గదికి తీసుకెళ్లడమే పని చేస్తుంది. మళ్లీ చూడాలని పిల్ల అడిగితే ఆగిన చోటు నుంచి కాకుండా, అంతకుముందు నవ్విన చోటు నుంచి పెట్టండి. అడగకపోతే ఆ సినిమా ఊసెత్తకండి.